న్యాయ సలహా: కొలిచి చెప్పుమని అడుగు హక్కు

ప్రశ్న: నా పెట్రోలు కారు ఎత్తు ఎక్కునపుడెల్ల ఆగిపోవుచుండగా, మెకానిక్కు ఫ్యూయల్ పంపు పోయినదని చెప్పి, క్రొత్తది వేసి, పద్నాలుగు వేల రూపాయలు పుచ్చుకొనెను. వారము తిరుగకమునుపే కారు మరల అట్లే ఆగినది. అతడు ఏ పరీక్షయు చేయలేదు; బిల్లు నీయలేదు. నాకు న్యాయమార్గ మేదైన కలదా?

జవాబు: కలదు. అయితే మీ ఫిర్యాదు నిలుచుట ఆధారముపై నాధారపడి యున్నది గనుక, మీ కారునకు జరుగవలసిన పరీక్ష యేమో ముందుగా గ్రహింపుడు.

పెట్రోలు ట్యాంకులో మునిగియుండి ఇంధనమును ఇంజనునకు నెట్టు పంపు క్షీణించినపుడు, ఎంతసేపు సెల్ఫు కొట్టినను ఇంజను అందుకొనకపోవుట, ఎత్తున లాగుడు తగ్గుట, ట్యాంకువైపునుండి ఊళవంటి ధ్వని వినవచ్చుట మొదలగు లక్షణములు కనబడును. కాని ఫిల్టరు పూడినను, రిలే చెడినను, వైరు తుప్పుపట్టి వోల్టేజి చాలకపోయినను వీనిలో పెక్కు అట్లే కనబడును గనుక, లక్షణములను మాత్రమే చూచి పంపును దోషిగా నిర్ణయించుట నాడి చూడక మందిచ్చుట వంటిది. తెలిసిన పనివాడు ఫ్యూజును, రిలేను పరిశీలించి, తాళము త్రిప్పగానే ట్యాంకులో క్షణకాలము వినబడు పంపు మ్రోతను ఆలకించి, పిమ్మట ఫ్యూయల్ రైలునకు గేజి తగిలించి ఒత్తిడిని కొలుచును. పోర్టు ఇంజెక్షను పెట్రోలు కార్లలో అది సాధారణముగా 3 మొదలు 4 బార్ల వరకు నుండును. మీ మోడలునకు తయారీదారు నిర్ణయించిన అంకెయే ప్రమాణము. ఒత్తిడి తగ్గియున్నచో పంపు కనెక్టరువద్ద వోల్టేజిని, ఫిల్టరును చూచిన పిదపనే పంపుపై తీర్పు చెప్పవలెను. ఈ పనికి మీరు స్వయముగ పూనుకొనకుడు. ఒత్తిడిలోనున్న పెట్రోలు చిమ్మి అంటుకొనవచ్చును.

ఇక చట్టము మాట. సొమ్ము పుచ్చుకొని చేయు సేవయందలి లోపమును, నిర్లక్ష్యమును, తెలుపవలసిన సమాచారమును బుద్ధిపూర్వకముగా దాచుటను 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము 2(11)వ సెక్షనులో సేవాలోపముగా పరిగణించుచున్నది. బిల్లు నీయకుండుటను 2(47)వ సెక్షనులో అనుచిత వ్యాపారపద్ధతులలో చేర్చినది. జీవనోపాధికై స్వయముగ టాక్సీ నడుపుకొనువారికిని ఈ రక్షణ కలదు.

కావున మీరు కారును వేరొక షెడ్డునకు తీసికొనిపోయి, లాగుడు తగ్గు స్థితిలోనే ఒత్తిడిని కొలిపించి, ఆ అంకెను, తేదీని, మెకానిక్కు సంతకమును కాగితముపై పొందుడు. ఒత్తిడి సరిగానుండియు కారు ఆగుచున్నచో దోషము వేరొకచోట నున్నదనియు, తగ్గియున్నచో క్రొత్త పంపునో, ఫిల్టరునో, వైరింగునో అనుమానింపవలసి యున్నదనియు ఏర్పడును. రెండు విధములను మొదటి పని అసంపూర్ణమే. మీరు సొమ్మిచ్చి మార్పించినది గనుక పాత పంపును అడిగి తెచ్చి భద్రపరుపుడు. పరీక్షలో అది బాగుగనున్నదని తేలినచో అంతకు మించిన సాక్ష్యము లేదు. యూపీఐ ద్వారా చెల్లించియున్నచో ఆ వివరమును జతచేసి, పదునైదు దినముల గడువుతో లిఖితపూర్వకమగు నోటీసు పంపుడు. ఫలము లేనిచో వినియోగదారుల సహాయవాణి 1915 సంఖ్యకు ఫోను చేయవచ్చును. లేదా మీరు నివసించు జిల్లాలోని వినియోగదారుల కమిషనునందు రెండు సంవత్సరములలోగా ఫిర్యాదు దాఖలు చేయవచ్చును. చెల్లించిన ప్రతిఫలము అయిదు లక్షలు మించనిచో రుసుము లేదు. న్యాయవాది లేకయే మీరు వాదించుకొనవచ్చును.

మరియొక జాగ్రత్త. పంపునకు సొమ్ము చెల్లించుటకు మునుపు, మీ కారు రీకాల్ జాబితాలో నున్నదేమో ఛాసిస్ నంబరుతో కంపెనీ నడుగుడు. 2021 ఏప్రిల్‌లో హోండా కార్స్ ఇండియా ఫ్యూయల్ పంపు దోషము కారణముగా 77,954 కార్లను రప్పించి, ఉచితముగా మార్చుటకు పూనుకొనెను. అట్టి కారు గలవాడు తెలియక సొమ్ము పోగొట్టుకొనుట ఎంత అన్యాయము!

మెకానిక్కులలో నిజాయితీపరులు పెక్కురు కలరు. వారికి గేజి చూపి అంకె చెప్పుట భారము కాదు, గౌరవము. కావున ఇకమీదట “మార్చుము” అను మాటకు మునుపు “ఒత్తిడి ఎంత యున్నది? జాబు కార్డుపై వ్రాసి యిమ్ము” అని అడుగుడు. ఆ ఒక్క పంక్తి మీ చేతిలోనున్నచో, పెక్కు వివాదములు షెడ్డు గడప దాటకయే తీరును.