తెర మీద కనిపించే టైము ఏ దేశపు టైము?

డబ్బులు పంపే యాప్‌లోనూ, బ్యాంకు పేజీలోనూ "చివరిసారి అప్‌డేట్ అయిన సమయం" అని ఒక వరుస ఉంటుంది. అక్కడున్న వివరాలు ఆ సమయం వరకే చెల్లుతాయి. ఆ తర్వాత జరిగింది అందులో ఇంకా చేరలేదు. కాబట్టి ఆ టైము ఏ దేశపు గడియారం ప్రకారం వేశారో ముందు తెలుసుకోండి.

ఉదాహరణ: మీరు కువైట్‌లో రాత్రి 8 గంటలకు ఇంటికి డబ్బులు పంపారు. 8:30కి చూస్తే పేజీలో "అప్‌డేట్ 17:20" అని ఉంది. "ఇది సాయంత్రం 5:20 కదా, నా డబ్బు వెళ్లనే లేదు" అని కంగారుపడి రెండోసారి పంపకండి. అది జీఎంటీ టైము అయితే, కువైట్‌లో 8:20 అన్నమాట. అంటే మీరు పంపిన తర్వాతే అప్‌డేట్ అయ్యింది.

లెక్క ఇలా చూసుకోండి. జీఎంటీ (యూటీసీ అన్నా ఇదే) మధ్యాహ్నం 12 అయినప్పుడు:
- సౌదీ, కువైట్, ఖతార్, బహ్రెయిన్: మధ్యాహ్నం 3:00
- యూఏఈ, ఒమన్: సాయంత్రం 4:00
- ఇండియా: సాయంత్రం 5:30
- మలేషియా, సింగపూర్: రాత్రి 8:00

గుర్తుంచుకోవలసినవి:

1. టైము పక్కన జీఎంటీ, యూటీసీ, ఐఎస్‌టీ అని ఉందేమో చూడండి. ఐఎస్‌టీ అంటే ఇండియా టైము.

2. ఏమీ రాయకపోతే ఊహించుకోవద్దు. డబ్బు కట్టిన కౌంటరులో అడగండి. కొన్ని యాప్‌లు మీ ఫోనులో పెట్టిన టైమునే చూపిస్తాయి. ఇంటివాళ్లతో మాట్లాడే వీలు కోసం ఫోనులో ఇండియా టైము పెట్టుకున్నవారు ఇది మరచిపోకూడదు.

3. తారీఖు కూడా మారుతుంది. కువైట్‌లో రాత్రి 9:30, దుబాయ్‌లో రాత్రి 10:30 అయ్యేసరికి ఇండియాలో మరుసటి రోజు మొదలవుతుంది. అప్పు వాయిదా 5వ తేదీ అయితే, కువైట్‌లో 5వ తేదీ రాత్రి 10 గంటలకు పంపిన డబ్బు గడువు దాటినట్లే. రెండు మూడు రోజులు ముందే పంపండి.

4. రసీదు దాచుకోండి. డబ్బు చేరకపోతే మళ్లీ పంపకుండా, ముందు రసీదు నంబరుతో అడగండి. ఫిర్యాదు రాసేటప్పుడు "రాత్రి 8:00, కువైట్ టైము" అని తేదీతో సహా స్పష్టంగా రాయండి. అప్పుడు మీ లావాదేవీని వెతకడం వారికి సులువవుతుంది.