దుమ్ము లేపని ఊడ్పు



వాక్యూమ్ క్లీనర్ కొంటే ఇంట్లో గాలి బాగుపడుతుందా అన్న ప్రశ్నకు సగం జవాబే యంత్రంలో ఉంది. మిగతా సగం ఊడ్చే తీరులో ఉంది. మా ఊరు కొత్తగూడలో ఆడవాళ్లు పొద్దున్నే వాకిట్లో సాన్పు చల్లిగానీ పొరక పట్టరు. తడిసిన మన్ను పైకి లేవదని వాళ్లకు తెలుసు. అదే చెయ్యి ఇంట్లోకి రాగానే పొడి బండల మీద పొరకను బరబరా ఈడుస్తుంది. చిక్కంతా అక్కడే.

కంటికి కనబడే దుమ్మును ముక్కు, గొంతు చాలావరకు ఆపేస్తాయి. 2.5 మైక్రాన్ల లోపు నలుసులు మాత్రం ఊపిరితిత్తుల లోతుకు దిగుతాయి. తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. ఇక ఈ నలుసులు ఎంత సన్నవో ఊహించుకోవచ్చు. గాలి కదలని గదిలో 10 మైక్రాన్ల నలుసు ఒకటిన్నర మీటర్ల ఎత్తు నుంచి పది నిమిషాల్లోపే నేలకు చేరుతుంది. ఒక మైక్రాన్ నలుసుకు దాదాపు 12 గంటలు పడుతుంది. పొద్దున లేపిన దుమ్మును ఇంటిల్లిపాదీ సాయంత్రం దాకా పీలుస్తారన్నమాట.

వాక్యూమ్ క్లీనర్ పుట్టుకలోనూ ఈ బాధే ఉంది. అమెరికాలోని క్యాంటన్ పట్టణంలో ఒక దుకాణాన్ని ఊడ్చే జేమ్స్ మర్రీ స్పాంగ్లర్‌కు ఉబ్బసం. లేచే దుమ్ముకు తాళలేక, 1907లో ఫ్యాను మోటారుకు చీపురు కర్ర, దిండు గలీబు కలిపి ఒక యంత్రం కట్టాడు. 1908లో పేటెంటు వచ్చింది. హూవర్ కుటుంబం ఆ హక్కులు కొనుక్కుంది.

గలీబులాంటి బట్టసంచిలో నూగు నిలుస్తుంది గానీ సన్నటి నలుసు వెనకనుంచి మళ్లీ గదిలోకే వస్తుంది. అందుకే హెపా ఫిల్టరు చూసి కొనాలి. అది 0.3 మైక్రాన్ల నలుసులను కూడా 99.97 శాతం ఆపుతుంది.

ఇక పద్ధతి. ముందు ఫ్యాను రెక్కలు, అల్మారాల పైభాగం తడిగుడ్డతో తుడవాలి; ఆ తర్వాతే నేల. యంత్రాన్ని మెల్లగా, ఒకే చోట రెండు మూడుసార్లు నడపాలి. ఆ సేపు ఫ్యాను ఆపి కిటికీలు తీసి ఉంచాలి. చివర తడిగుడ్డ పెట్టాలి. డబ్బాలోని దుమ్మును ఇంటి బయటే దులపాలి. ఫిల్టరు కడగదగినదైతే పూర్తిగా ఆరాకే బిగించాలి, తడిగా ఉంటే బూజు పడుతుంది. దుప్పట్లలోని దుమ్ముపురుగులు చావాలంటే వాటిని 60 డిగ్రీల వేడినీళ్లలో ఉతకాలి. దుమ్ముతోపాటు ఇంకో జాగ్రత్త: మరుగుదొడ్డి కడిగే యాసిడ్‌ను బ్లీచింగ్ పొడితో ఎన్నడూ కలపరాదు. విషవాయువైన క్లోరిన్ పుడుతుంది.

ఏ యంత్రమూ తీర్చలేనివి కొన్ని ఉన్నాయి. ధర కోసం ఆగి ఇంట్లోనే కుప్పపోసిన పత్తి, ఎండుమిర్చి ఘాటు, కట్టెల పొగ. 1999లో దీపం పథకం, 2016లో ఉజ్వల పథకం ఇళ్లకు వంటగ్యాసు తెచ్చాయి. అయినా నీళ్లు కాగేది ఎన్నో ఇళ్లలో కట్టెల మీదే. దోమల చుట్ట (కాయిల్) సంగతి మరీ ఘోరం. ఒక్క చుట్ట కాలితే వచ్చే సన్ననలుసులు 75 నుంచి 137 సిగరెట్ల పాటి ఉంటాయని 2003లో వెలువడిన పరిశోధన లెక్కగట్టింది. మలేరియా భయమున్న అడవి పల్లెల్లో దోమలను వదిలేయలేం, దోమతెర కట్టుకోవాలి. పత్తికి విడిగా కొట్టం, పొయ్యికి ఇంటి బయట పందిరి కావాలి.

బండల నేల, చాపలు, నులక మంచాలున్న ఇంటికి తడిగుడ్డే చాలు. సోఫా, తివాచీ, మందపు పరుపులు ఉంటేనే యంత్రానికి డబ్బు పెట్టవచ్చు. ఇంట్లో ఉబ్బసం ఉన్నవాళ్లుంటే ఊడ్చే పని వాళ్లకు అప్పగించరాదు. ఊడ్చేసేవరకు వాళ్లు ఆ గదిలో ఉండకపోతే మరీ మంచిది.