కెమెరా కంటిలోని నలుసు

గడచిన వేసవిలో మా విద్యార్థి యొకడు మల్కపేట జలాశయమునొద్ద తీసిన ఛాయాచిత్రములను మాకు జూపెను. ఆకసమున నొక పక్షి యెగురుచున్నదని మేము సంతసించితిమి. రెండవ పటమునను ఆ పక్షి యచ్చోటనే యుండెను. మూడవ దానియందును అంతే. అది పక్షి కాదు, ధూళికణము. ఆ కెమెరా పెండ్లిండ్లలో పటములు తీసి కుటుంబమును పోషించుచున్న వాని యన్నది. కావున నవ్వి విడువదగిన సంగతి కాదు.

పూర్వము నిజాము ప్రభువునకు ఛాయాగ్రాహకుడై ప్రసిద్ధికెక్కిన రాజా దీన్ దయాళ్ (1844–1905) గాజుపలకలపై చిత్రములు తీసెను. పలకమీద దుమ్ము పడిన ఆ యొక్క పలకయే చెడును. ఫిలిమునందును ప్రతి పటమునకు క్రొత్త తునుక వచ్చుచుండెను. డిజిటల్ కెమెరాలో సెన్సరు ఒక్కటే, అన్ని పటములకును అదియే. లెన్సు మార్చునపుడెల్ల లోనికి గాలి పోవును. మన కోనరావుపేట వేసవిలో ఆ గాలి యెట్టిదో చదువరులెరుగుదురు. సిరిసిల్ల మరమగ్గముల చెంత దూదినూగు సైతము దానికి తోడగును. నలుసు వాలునది సెన్సరుమీద గాదు, దానిని కప్పియున్న పలుచని గాజుమీద. ఆ గాజు గీసికొనిపోయిన మార్చుటకు చాల ధనము కావలయును.

మొదట పరీక్షింపవలయును. లెన్సు ద్వారమును ఎఫ్/22 వరకు ఇరుకు చేసి, దృష్టి కుదురకుండ తెల్లని గోడను పటము తీయుడు. ద్వారము విశాలమైనపుడు వెలుతురు పలువైపులనుండి వచ్చి కణము నీడను చెదరగొట్టును. ఇరుకైనపుడు నీడ గట్టిగా పడును. మబ్బునాటి మన నీడకును నట్టెండలోని నీడకును గల భేదమిదియే. పటమునందు లేక, చూచు కిటికీలో మాత్రమే కనబడు నలుసు వేరొకచోట నుండును. దానికై సెన్సరును ముట్టుకొననేల?

లెన్సు బిళ్ల రూపమును తలక్రిందు చేయును గనుక, పటమున పైభాగమున నున్న చుక్క సెన్సరు క్రిందిభాగమున నుండును. కెమెరాకు ఎదురుగా నిలిచి చూచిన కుడియెడమలు మాత్రము మారవు.

గాజును అదిరించి దుమ్ము దులుపు ఏర్పాటు 2003లో ఒలింపస్ ఇ-1తో వచ్చెను. నేడది పెక్కు కెమెరాలలో గలదు. మొదట దానినే వాడుడు. అది చాలనిచో గచ్చును తడిగుడ్డతో తుడిచి, పంకా ఆపి, బ్యాటరీని నిండుగా నింపి, శుద్ధిచేయు అమరికను ఎన్నుకొనవలయును. అద్దముగల కెమెరాలో అద్దము పైకి లేచి షట్టరు తెరచుకొనును. నడుమ బ్యాటరీ అయిపోయినచో అవి మూసికొని చేతి పనిముట్టుకు తగులును. కెమెరా నోరు నేలవైపునకు వంచి, రబ్బరు బుడ్డితో గాలి కొట్టుడు. బుడ్డి మొన లోనికి పోరాదు. డబ్బాలలో నొత్తి నింపిన గాలి వలదు, అందలి ద్రవము గాజుమీద చిందును. నోటితో ఊదుటయు వలదు. మేమొకప్పుడు తొందరపడి ఊదితిమి. ఒక చుక్క పోయెను, ఉమ్మితుంపరల చుక్కలు ఏడు వచ్చెను.

గాలికి పోని జిగురు నలుసునకు తడితుడుపు కావలయును. సెన్సరు వెడల్పునకు సరిపడు తుడుపుపుల్లనే కొనవలెను. పెద్ద సెన్సరు 36 మిల్లీమీటర్ల వెడల్పు, 24 ఎత్తు. చిన్నది సుమారు 24, 16. దానికని చేసిన ద్రవమును రెండు చుక్కలు వేసి, ఒక అంచునుండి మరియొక అంచునకు ఒక్క ఊపున తుడిచి, పుల్ల రెండవ ముఖముతో తిరిగి రావలెను. పిదప ఆ పుల్లను పారవేయుడు, మరల వాడిన ఇసుకరేణువే గీత గీయును. ఆ ద్రవములలో కొన్ని మిథనాలుతో చేసినవి. అది విషము, నిప్పునకు వెంటనే అంటుకొనును. కావున పిల్లలు పెద్దలు లేకుండ తాకరాదు.

మా విద్యార్థి కెమెరాలో గాలికి రెండు చుక్కలు పోయెను. మూడవది తడితుడుపునకు పోయెను. పరీక్షకై జలాశయమునొద్ద మరల పటము తీయగా ఆకసమున నల్లచుక్క కనబడెను. వాని మొగము వాడెను. వెంటనే తీసిన రెండవ పటమున నది లేదు. ఈసారి నిజముగా పక్షియే!