డిప్లొమాలో చేరుతున్న అమ్మాయికి పెదనాన్న ఉత్తరం

కాసిడీహ్, జంషెడ్‌పూర్



ఆదిత్యపూర్ పాలిటెక్నిక్‌లో సీటు వచ్చిందని మీ నాన్న చక్రధర్‌పూర్ నుంచి ఫోన్ చేసి చెప్పాడు. ఆ ఊపులోనే ఇంకో మాటన్నాడు, శ్రీకాకుళం నుంచి కులపత్రం తెప్పిస్తే స్కాలర్‌షిప్ పనైపోతుందని. అవదు.

ఎందుకవదో చెప్పిన కేసు తెలుగువాళ్లదే. మర్రి చంద్రశేఖరరావు తెనాలిలో పుట్టాడు. ఆయన కులం ఆంధ్రలో ఎస్టీ జాబితాలో ఉంది. తండ్రి ఉద్యోగం బొంబాయిలో కావడంతో చిన్నప్పుడే అక్కడికి వెళ్లి చదువుకున్నాడు. తీరా మెడిసిన్‌కి ఎస్టీ కోటా అడిగితే ఇవ్వలేదు. జాబితా ఏ రాష్ట్రానిది ఆ రాష్ట్రానికేనని, వలస వెళ్లినవాడి వెంట ఆ హోదా రాదని 1990లో సుప్రీంకోర్టు తేల్చేసింది. సరిహద్దు దాటగానే వెనుకబాటు వదిలిపోతుందా అని పెదనాన్నకి ఇప్పటికీ అనుమానమే. కానీ కౌంటర్ దగ్గర గుమాస్తాతో ఆ వాదన పెట్టుకుంటే గడువు దాటిపోతుంది.

కులపత్రం లేకపోయినా అడగదగ్గది ఒకటుంది, ఏఐసీటీఈ వారి ప్రగతి స్కాలర్‌షిప్. సాంకేతిక విద్యలో చేరే ఆడపిల్లల కోసం పెట్టింది. ఏడాదికి రూ. 50,000. ఇంటి ఆదాయం రూ. 8 లక్షలు దాటకూడదు. ఒక ఇంట్లో ఇద్దరు ఆడపిల్లల దాకా ఇస్తారు, కాబట్టి రేపు మీ చెల్లికీ దారి ఉంది. అందులోనూ కేటగిరీ వాటాలున్నాయి గానీ ఓపెన్ సీట్లూ ఉన్నాయి. డిప్లొమా వాళ్లకి పదో తరగతి మార్కులే చూస్తారు. తప్పి పై తరగతికి వెళ్లకపోతే మాత్రం ఆగిపోతుంది.

జార్ఖండ్ ప్రభుత్వానిది మానకీ ముండా ఛాత్రవృత్తి. డిప్లొమా అమ్మాయిలకి ఏడాదికి రూ. 15,000, ఇంజినీరింగ్ వాళ్లకి రూ. 30,000. అయితే ప్రగతి తీసుకునేవాళ్లు మరో ప్రభుత్వ స్కాలర్‌షిప్ తీసుకోకూడదు. ముందు ప్రగతికే ప్రయత్నించు.

గురూజీ క్రెడిట్ కార్డు పేరు కూడా ఎవరో ఒకరు చెబుతారు. అది రూ. 15 లక్షల దాకా 4 శాతం వడ్డీకి ఇచ్చే అప్పు. అప్పు పెట్టి చదవడం తప్పేం కాదు. 1892లో జంషెడ్జీ టాటా పెట్టిన నిధి కూడా విదేశీ చదువులకి అప్పుగానే ఇచ్చేది, మొదట్లో అందుకున్నవాళ్లలో ఫ్రెనీ కామా అనే డాక్టరమ్మ ఉంది. కానీ మూడేళ్ల డిప్లొమాకి, అదీ సర్కారు కాలేజీలో, అప్పు దేనికి?

మన పిల్లల దరఖాస్తులు ఎక్కువగా ఇరుక్కునేది పేరు దగ్గర. మెట్రిక్ సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఎగిరిపోయి చివర ‘కుమారి’ అని ఉంటుంది. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ముందుంటుంది. పాసుపుస్తకంలో అదే ఒక్క అక్షరమైపోతుంది. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో వన్ టైమ్ రిజిస్ట్రేషన్ ఆధార్ మీదే నడుస్తుంది, డబ్బు కూడా ఆధార్‌తో కలిపిన ఖాతాలోకే వస్తుంది. మూడు కాగితాలూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూసుకో. తేడా ఉంటే మెట్రిక్‌లో ఉన్నట్టుగా మిగతావి దిద్దించు.

ఆదాయపత్రానికి దగ్గర్లోని ప్రజ్ఞా కేంద్రంలో ఈ వారమే దరఖాస్తు పెట్టమని నాన్నకి చెప్పు. అంచల్ ఆఫీసులో సంతకం పడేసరికి రోజులు పడతాయి. ఫారం పంపాక కాలేజీలో స్కాలర్‌షిప్పులు చూసే మాస్టారిని కలిసి, నీ దరఖాస్తు వెరిఫై చేశారో లేదో కనుక్కో. అక్కడ ఆగితే పైకి కదలదు.

ఇట్లు,
పెదనాన్న