రైతుబజారులో తాజా కూరగాయల అమ్మకము

మన పల్లెలలో సంతలు ఏనాటినుండియో కలవు. రైతు తన పాదున కాసిన నాలుగు సొరకాయలు, గంపెడు వంకాయలు సంతకు తెచ్చి, తానే అమ్ముకొని, ఇంటికి కావలసినవి కొనుక్కొని పోయెడివాడు. పట్టణములు పెరిగిన కొలదియు పండించువానికిని వండుకొను ఇల్లాలికిని నడుమ దూరము పెరిగినది. ఆ నడుమ కమీషను వర్తకుడు, టోకు వర్తకుడు, చిల్లర వర్తకుడు చేరిరి. వీరు చేయు పని లేకపోలేదు; వేల బస్తాల సరుకును ఒక పూటలో పట్టణమంతటికి పంచుట సామాన్యము కాదు. కాని అర ఎకరము, ఎకరము కూరతోట గల చిన్న రైతుకు ఆ దారిలో దక్కునది తక్కువ.

ఈ ఇబ్బందిని గమనించియే ఆంధ్రప్రదేశ్‌లో 1999 జనవరి 26న రైతుబజార్లు ప్రారంభించిరి. పంజాబులో 1987లోనే ‘అప్నీ మండీ’ అను పేర ఇటువంటి ఏర్పాటు మొదలైనది. తమిళనాడులో 1999 నవంబరులో మదురైలో మొదటి ‘ఉళవర్ సందై’ తెరచిరి. 2014లో రాష్ట్రము రెండైన తరువాత గూడ ఇరు రాష్ట్రములలోను రైతుబజార్లు నడచుచున్నవి. గుర్తింపు కార్డు గల రైతు తన పంటను తానే తెచ్చి, మధ్య మనిషి లేకుండ అమ్ముకొనుట వీని ముఖ్య నియమము. టోకు ధరను చూచుకొని, రైతుల ప్రతినిధులును బజారు అధికారియు కలిసి ధర నిర్ణయింతురు. టోకు ధర కంటె పావువంతు ఎక్కువ, చిల్లర ధర కంటె పావువంతు తక్కువ ఉండునట్లు చూచుట మొదటినుండియు వచ్చుచున్న పద్ధతి.

హైదరాబాదులో మెహదీపట్నము, ఎర్రగడ్డ, విశాఖపట్నములో ఎం.వి.పి. కాలనీ వంటి బజార్లకు తెల్లవారుజామున వెళ్లి చూచినవారికి అక్కడి సందడి తెలియును. ధరల పలక మీద అంకెలు మారకముందే గోంగూర కట్టలు పరచుకొని కూర్చున్న తల్లులు, నడకకు వచ్చి సంచి నింపుకొని పోవు పెద్దలు, బెండకాయ కొస విరిచి చూచువారు, “నిన్నటిదా, ఇవాళ్టిదా?” అని అడుగు గృహిణులు అక్కడ కనబడుదురు. ఆ ప్రశ్నను రైతు జాగ్రత్తగా వినవలెను. బండి మీద తిరుగు వర్తకుడు అన్ని రకములు తేగలడు, గుమ్మము ముందరికే తేగలడు, వాడుక వారికి అరువు ఇయ్యగలడు. ఫోనులో చెప్పిన కొంత సేపటికే ఇంటికి కూరలు తెచ్చియిచ్చు కంపెనీలు గూడ ఇప్పుడు పట్టణములలో నున్నవి. కాని ఈ తెల్లవారుజామున కోసిన తోటకూరను ఈ ఉదయమే తెచ్చి యిచ్చుటలో వారెవ్వరును మీతో సమానులు కారు.

లెక్క వేసి చూడుడు

ఒక రైతు 60 కిలోల టమాటా తెచ్చెననుకొందము. టోకు ధర కిలో 20 రూపాయలు. టోకు మార్కెట్టులో అమ్మిన 1,200 రూపాయలు. కమీషను, హమాలీ, తరుగు కలిసి 120 పోయినచో చేతికి 1,080 వచ్చును. రైతుబజారులో ధర 25 రూపాయలు. 60 కిలోలును అమ్ముడుపోయిన 1,500. అదనపు రాకపోకల ఖర్చు 120 తీసివేసిన 1,380. అనగా 300 రూపాయలు ఎక్కువ.

కాని పదకొండు గంటలకు ఇంకను 15 కిలోలు మిగిలి, అవి మెత్తబడి, కిలో 10 రూపాయలకు తెగనమ్మవలసి వచ్చినచో సంగతి వేరు. 45 కిలోలకు 1,125, మిగిలిన వానికి 150, మొత్తము 1,275. ఖర్చు పోగా 1,155. టోకు మార్కెట్టులో దించి వచ్చిన దానికంటె 75 రూపాయలు మాత్రమే ఎక్కువ. అందుకై ఒక మనిషి పూటంతయు అక్కడ కూర్చుండవలసి వచ్చినది. ఈ అంకెలు లెక్క చూపుటకు వేసినవి మాత్రమే. మీ ఊరి అంకెలతో మీరు వేసికొనుడు. ఎట్లు వేసినను లాభమంతయు ఆ చివరి పదిహేను కిలోలలో నున్నట్లు తేలును. బజారుకు వచ్చుట మానుకొన్న రైతును అడిగి చూడుడు. ధర సంగతి కంటె మిగులు సంగతియే ముందు చెప్పును.

మిగులు తగ్గవలెనన్న రెండు పనులు చేయవలెను. సరుకు చివరి గంట వరకు తాజాగా నిలువవలెను. ఒకే రకము గంపలకొలది తేకుండ నాలుగైదు రకములు కొద్ది కొద్దిగా తేవలెను.

కోత వేళ

కోసిన తరువాత గూడ ఆకు, కాయ శ్వాసించుచునే యుండును. వేరునుండి నీరు రాదు. ఉన్న నీరు ఆవిరియై పోవుచుండును. వేడి 10 డిగ్రీల సెల్సియస్ పెరిగినచో ఈ శ్వాస రెండు మూడు రెట్లగును. మిట్టమధ్యాహ్నము కోసి గంపలో కుక్కిన ఆకుకూర లోపల చేయి పెట్టి చూచినచో వెచ్చగా తగులును. ఆ వెచ్చదనమే మరునాటికి పసుపు రంగు, కుళ్లు. కావున కోత చల్లని వేళలోనే జరుగవలెను. బజారు దగ్గరగా నున్నవారు తెల్లవారుజామున కోయుట మేలు. దూరమువారు ముందునాటి సాయంకాలము పొద్దువాలిన పిదప కోసి, నీడలో, గాలి తగులు చోట పలుచగా పరచి, పైన తడి గోనె కప్పి, తెల్లవారుజామున కట్టలు కట్టవలెను.

అన్నిటికిని తడి పనికిరాదు. ఆకుకూరలపై నీరు చిలకరించవచ్చును గాని, కారునంత తడిపి దగ్గరగా పేర్చిన మధ్యలో కుళ్లును. బెండకాయ తడిసిన నల్లబడును. టమాటా తడిగా నున్నప్పుడు కోయరాదు. ముల్లంగి, క్యారెట్టు వంటి దుంపలను శుభ్రమైన బోరు నీటితో కడుగవలెను. మురుగు కలిసిన కాలువలో ముంచి తెచ్చుట పట్టణములో పదిమంది పిల్లలకు వాంతులు, విరేచనములు తెచ్చి పెట్టును. దారిలో కాలువ కనబడినదని గంప దించి ముంచు అలవాటు మనలో కొందరికి కలదు. ఇది వెంటనే మానవలెను.

టమాటాను దూరపు మార్కెట్టుకైనచో రంగు తిరుగుచుండగనే కోయుదురు. రైతుబజారుకు అంత తొందర అవసరము లేదు. సగము పైగా ఎరుపు వచ్చిన కాయ కోసినచో రుచి బాగుండును, గిరాకీ గూడ బాగుండును. లోతైన గంపలలో పోసిన అడుగు కాయలు చితుకును గనుక ప్లాస్టికు పెట్టెలు వాడవలెను. వంకాయను ముచ్చికతో, కొద్ది తొడిమతో కత్తిరించవలెను. బెండను రోజు విడిచి రోజు తప్పక కోయవలెను. ఒక కోత తప్పినచో కాయ ముదిరి, పీచు తేలి, కొస విరిచి చూచు గృహిణి ముందర మీరు సిగ్గుపడవలసివచ్చును. పండిన అరటి, మామిడి, టమాటాల ప్రక్కన ఆకుకూరలు, దోసకాయలు పెట్టరాదు. పండ్లనుండి వెలువడు ఇథిలీను వాయువు వలన ఆకులు త్వరగా పసుపుబారును.

కోసిన సరుకును రెండు మూడు దినములు నిలుపవలసివచ్చినచో, ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థవారు రూపొందించిన ఇటుక తొట్టి మంచి సాధనము. విద్యుత్తు అక్కరలేదు. నీడలో ఇటుకలతో రెండు గోడలు కట్టి, నడుమ 7.5 సెంటీమీటర్ల సందు విడిచి, ఆ సందులో ఇసుక నింపి, ఉదయము, సాయంకాలము నీటితో తడుపవలెను. పైన తడి గోనెగాని గడ్డి తడకగాని మూయవలెను. ఎండకాలములో లోపలి వేడి బయటికంటె 10 నుండి 15 డిగ్రీల వరకు తగ్గును. వానాకాలపు ఉక్కలో మాత్రము దీనివలన అంత ఫలితము కనబడదు; కోస్తా రైతులు ఈ సంగతి గుర్తుంచుకొనవలెను.

విత్తుటలోనే బజారు కలదు

తోటకూర విత్తిన 25, 30 దినములలో కోతకు వచ్చును. పది సెంట్లు ఒకేసారి విత్తినచో పది సెంట్ల కూరయు ఒక్క వారమున వచ్చి పడును. తరువాత మూడు వారములు మీ జాగాలో మీరుండరు, మీ వాడుక వారు మరియొకరిని వెదకికొందురు. అందువలన వారమునకు రెండు సెంట్లు చొప్పున విత్తుట మంచిది. ఐదవ వారమునకు మొదటి మడి ఖాళీయై మరల విత్తుటకు సిద్ధముగా నుండును. మెంతికూర, పాలకూరలకు గూడ ఇదే పద్ధతి. కొత్తిమీరకు ధనియాలను మెల్లగా నలిపి రెండు బద్దలు చేసి విత్తవలెను. ఎండకాలములో దానికి కొంత నీడ లేనిదే మొలక నిలువదు. ఎండకాలపు కొత్తిమీర ధర చూచినవారు ఒక చిన్న పందిరి ఖర్చుకు వెనుదీయరు.

గట్ల మీద కరివేపాకు, మునగ, నిమ్మ ఒక్కొక్క చెట్టు ఉంచుడు. వంకాయ కొన్న ఆమెకు కొసరుగా ఒక కరివేపాకు రెబ్బ ఇచ్చిన, ఆమె రేపు గూడ మీ యొద్దకే వచ్చును. కొసరు మన సంతల పాత మర్యాద. ఎర్ర కాడ గోంగూర పులుపెక్కువ, పచ్చడికి బాగుండునని చెప్పగలిగినవారు పండించిన రైతులే, మొగమాటపడక చెప్పవలెను.

పండ్ల విషయములో ఒక మాట. మామిడిని కార్బైడుతో మాగవేయుట చట్టరీత్యా నిషిద్ధము. కాయను కొద్ది తొడిమతో కోసి, జీడి కాయమీద పడకుండ కార్చి, గడ్డిలో మాగవేయవలెను. సీతాఫలము కన్నులు విచ్చి, సందులు లేతపసుపు తిరిగినప్పుడు కోయవలెను; అంతకు ముందు కోసిన కాయ నల్లబడునే గాని పండదు.

పిచికారీ, గుర్తింపు కార్డు

బెండ, వంకాయ తోటలలో కోత ఆగదు, పురుగు గూడ ఆగదు. మందు కొట్టిన మరునాడే కోయవలెనను ఆశ పుట్టును. ప్రతి మందు డబ్బాకు అంటించిన కాగితము మీద, మందు కొట్టిన తరువాత కోతకు ఎన్ని దినములు ఆగవలెనో వ్రాసియుండును. అన్ని దినములు ఆగి తీరవలెను. ఆగలేని తోటలో 5 శాతము వేపగింజల కషాయము, పుచ్చు కొనలను, కాయలను ఏరి నాశనము చేయుట, లింగాకర్షక బుట్టలు వాడుట మేలు. ముఖము చూచి కొనువారికి అమ్ముచున్నాము గదా! టోకు బస్తాలో పోయిన కాయ ఎవరిదో ఎవరికి తెలియదు, ఇక్కడ తెలియును.

కార్డు సంగతి గూడ అంతే. తనకు తీరికలేదని కార్డును వర్తకునికి అద్దెకిచ్చు రైతులు కొందరు కలరు. ఆ జాగాలో నిన్నటి టోకు సరుకు వచ్చి కూర్చుండును. కొనువారికి రైతు ఎవరో వర్తకుడెవరో తెలియక, బజారు మొత్తము మీదనే నమ్మకము పోవును. ఆ నష్టము కార్డు ఇచ్చినవానికి కాదు, తెల్లవారుజామున తోటకూర కోసి తెచ్చిన పక్క ఊరి మనిషికి. మీకు వీలుకాని దినములలో కార్డు మీద పేరున్న ఇంటివారిని పంపుడు, లేనిచో జాగా ఖాళీగా నుంచుడు.

ఇంటి భాగము

పెరటిలో ఎకరము కూర పండించు ఇంటిలో గూడ పిల్లలు పచ్చడి మెతుకులతో బడికి పోవుట మనము చూచుచున్నాము. మంచివన్నియు గంపలోనికి, పుచ్చులు, వంకరలు ఇంటిలోనికి. అవియు మగవారికి వడ్డించిన పిదప మిగిలినచో ఆడవారికి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన సూచనల ప్రకారము పెద్ద మనిషికి రోజుకు సుమారు 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు కావలెను. బంగాళాదుంప ఇందులో చేరదు. ఐదుగురున్న ఇంటికి రెండు కిలోల కూరగాయలు, అర కిలో పండ్లు అగును. తెల్లవారుజామున గంపలు కట్టునప్పుడే ఈ భాగము మంచి కాయలలోనుండి, లేత ఆకులలోనుండి ముందుగా తీసి వంటింటిలో పెట్టి, ఆ తరువాత మిగిలినది బండికి ఎత్తవలెను.