మెగ్నీషియము: మన బియ్యము, మన నీరు

నెల్లూరు తీరమున అల్లూరు పరిసరములలో రొయ్యల చెరువు సాగుచేయు రైతునకు మెగ్నీషియమను మాట కొత్తది కాదు. బోరునీటితో రొయ్యను పెంచునపుడు అతడు నీటిని పరీక్ష చేయించును. మెగ్నీషియము తక్కువని తేలినచో బస్తాలు కొనితెచ్చి చెరువున చల్లును. ఖనిజముల కొరత గల నీటిలో రొయ్య వంగి, బిగుసుకొని, మరల చాచుకొనలేదు. ఆ నష్టము రైతు కంటికి వెంటనే కనబడును. కాని ఆ రైతు ఇంటిలోనే, ఆలుబిడ్డల భోజనమున ఆ ఖనిజమే కొరవడినచో కనిపెట్టువారెవరు? చెరువునకు పరీక్ష కలదు; కంచమునకు లేదు. ఈ సంగతినే మేము పంచాయతీ సభ్యుల దృష్టికి తేదలచితిమి.

దేహమున దీని పని

పెద్దవారి దేహమున సుమారు 25 గ్రాముల మెగ్నీషియముండును. అందు సగమునకు పైగా ఎముకలలోను, మిగిలినది కండరములలోను ఇతర అవయవములలోను నిలిచియుండును. రక్తమున నుండునది నూటికి ఒక వంతుకంటె తక్కువ. కావున రక్తపరీక్షలో అంకె సరిగా నున్నంత మాత్రమున లోపము లేదని నిశ్చయింపరాదు.

శరీరమున మూడువందలకు పైగా ఎంజైములు దీని సాయముతో పనిచేయుచున్నవి. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు, ఫిస్కే అను శాస్త్రజ్ఞునితో కలిసి హార్వర్డు విశ్వవిద్యాలయమున జరిపిన పరిశోధనలలో ఏ.టి.పి. అను పదార్థమును వెలికి తెచ్చిరి. 1929లో ఆ సంగతి లోకమునకు వెల్లడియయ్యెను. మనము నడచుటకు, నాగలి పట్టుటకు, గుండె కొట్టుకొనుటకు కావలసిన శక్తి ఈ పదార్థము ద్వారానే అందును. అది మెగ్నీషియముతో జతపడి యున్నపుడే చక్కగా పనిచేయును. తెలుగువాడు కనుగొన్న ఈ శక్తిమూలమునకు మెగ్నీషియము తోడు వంటిది.

కొరత కలిగినచో

1932లో అమెరికాలో క్రూజ్, ఓరెంట్, మెకాలమ్ అను శాస్త్రజ్ఞులు మెగ్నీషియము లేని ఆహారమును ఎలుకలకు పెట్టిచూచిరి. వాటికి చెవులు ఎర్రబడి, చిన్న చప్పుడునకే ఉలికిపడుట, మూర్ఛలు కలిగెను. 1969లో మారిస్ షిల్స్ అను వైద్యుడు మనుష్యులలో జరిపిన పరిశోధనను ప్రకటించెను. మెగ్నీషియము తగ్గినపుడు రక్తములో కాల్షియము, పొటాషియము కూడ తగ్గుననియు, మెగ్నీషియము తిరిగి ఇచ్చిన పిమ్మటనే అవి కోలుకొనుననియు తేలెను.

మొదట ఆకలి మందగించుట, వికారము, నీరసము కలుగును. లోపము ముదిరినచో తిమ్మిరులు, కండరములు పట్టివేయుట, వణకు, మూర్ఛ, గుండె లయ తప్పుట సంభవించును. అయితే పిక్క పట్టినవారందరికి ఇదే కారణమని తలపరాదు. ఆరోగ్యవంతుని మూత్రపిండములు ఈ ఖనిజమును పొదుపుగా కాపాడుకొనును. కావున తీవ్రమైన లోపము తిండి వలన మాత్రమే కలుగుట అరుదు. విడువని విరేచనములు, మద్యపాన వ్యసనము, అదుపుతప్పిన మధుమేహము, చిరకాలము వాడు మూత్రము జారీచేయు మందులు, కడుపు మంటకు ఏండ్ల తరబడి మింగు కొన్ని మాత్రలు దీనికి ముఖ్య కారణములు. మెగ్నీషియము చాలని ఆహారము తినువారిలో మధుమేహము, రక్తపోటు ఎక్కువగా కనబడుచున్నట్లు అధ్యయనములు చెప్పుచున్నవి. అదొక్కటే మూలమని మాత్రము ఎవరును నిరూపింపలేదు.

బియ్యమున పోయినది

హైదరాబాదునందలి జాతీయ పోషకాహార సంస్థ 2020లో ప్రకటించిన ప్రమాణముల ప్రకారము పురుషునకు దినమునకు 440 మిల్లీగ్రాములు, స్త్రీకి 370 మిల్లీగ్రాముల మెగ్నీషియము కావలెను. ఆ సంస్థవారి ఆహార పట్టికలలో 100 గ్రాముల ముడిబియ్యమున సుమారు 94 మిల్లీగ్రాములున్నట్లు కలదు. మరపట్టి తెల్లచేసిన బియ్యమున సుమారు 19 మిల్లీగ్రాములే. దినమునకు 400 గ్రాముల బియ్యము తినువారికి మొదటిదాని వలన 375 మిల్లీగ్రాములు, రెండవదాని వలన 77 మిల్లీగ్రాములు మాత్రమే లభించును. తక్కినది తవుడుతోపాటు గేదెల తొట్టిలో పడుచున్నది. మొలగొలుకులకు పేరుపొందిన నెల్లూరు సీమలో, ధాన్యము ఇంటినిండ నున్నను, ధాన్యపు సారము కంచమునకు చేరుట లేదు.

ఈ పాఠము మనకు కొత్తది కాదు. ఇరువదవ శతాబ్దపు తొలి దశకములలో బాగుగా మరపట్టిన బియ్యము తిను ఉత్తర సర్కారుల తీరమున బెరిబెరి వ్యాధి ప్రబలియుండెను. దానిపై విచారణకై 1918లో కూనూరున నెలకొల్పిన పరిశోధనాలయమే పెరిగి, 1958లో హైదరాబాదునకు వచ్చి, నేడు జాతీయ పోషకాహార సంస్థయై యున్నది. నాడు పొట్టుతో పోయినది బి1 విటమిను. అదే పొట్టుతో మెగ్నీషియమును పోవుచున్నది.

నీటిలో పోయినది

సముద్రము చేరువ నున్న గ్రామములలో బావినీరు, బోరునీరు తరచు ఉప్పగా నుండును. కావున ఆర్.ఓ. యంత్రముతో శుద్ధిచేసిన నీరు అవసరమైనది. దానిని మేము నిందింపము. కాని జనులు దానిని 'మినరల్ వాటర్' అని పిలుచుట విచిత్రము. మినరల్ అనగా ఖనిజము. ఆ యంత్రము ఉప్పుతోపాటు ఖనిజములను కూడ చాలవరకు తీసివేయును. లీటరునకు 30 మిల్లీగ్రాముల మెగ్నీషియము గల నీటిని దినమునకు మూడు లీటర్లు త్రాగువానికి 90 మిల్లీగ్రాములు నీటి ద్వారానే చేరును. ఖనిజములు తీసివేసిన నీటిని చిరకాలము త్రాగుటను గూర్చి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో వెలువరించిన గ్రంథమున నిపుణులు హెచ్చరించిరి.

ఖనిజము ఎక్కువైనను మేలు కాదు. భారత ప్రమాణముల సంస్థ 2012 ప్రమాణములో త్రాగునీటికి లీటరునకు 30 మిల్లీగ్రాముల మెగ్నీషియమును తగిన పరిమితిగా నిర్ణయించెను; వేరు నీరు దొరకనిచోట 100 వరకు అనుమతించెను.

పంచాయతీ చేయదగినది

రాజ్యాంగపు 73వ సవరణతో చేర్చిన పదునొకండవ షెడ్యూలులో త్రాగునీరు, ఆరోగ్యము పంచాయతీలకు అప్పగింపదగిన విషయములుగా పేర్కొనబడినవి. ఈ దిగువ పనులకు పెద్ద ఖర్చు లేదు.

మొదటిది: ఊరి నీటిని పరీక్షకు పంపినపుడు ఉప్పదనమునే గాక కాల్షియము, మెగ్నీషియము అంకెలను కూడ అడిగి, గ్రామసభలో చదివి వినిపింపవలెను. ఆర్.ఓ. యంత్రము పెట్టునపుడు, శుద్ధిచేసిన నీటిలో కొంత ఖనిజమును నిలుపు ఏర్పాటు కలదా యని నిపుణుల నడుగవలెను.

రెండవది: గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార సంఘ సమావేశమున కంచము సంగతి చర్చింపవలెను. రాగులలో 100 గ్రాములకు సుమారు 146 మిల్లీగ్రాములు, జొన్నలలో 133, సజ్జలలో 124 మిల్లీగ్రాముల మెగ్నీషియము కలదు. 2023లో మన రాష్ట్రపు బడిపిల్లలకు రాగిజావ ఇచ్చుట మొదలయ్యెను. ఆ అలవాటు ఇంటింటికి పోవలెను. పెసలు, మినుములు, వేరుసెనగ, నువ్వులు, మునగాకు, తోటకూర ఈ కొరతను తీర్చగలవు. ఆకు పచ్చదనమునకు కారణమైన పదార్థపు నడుమ నుండునది మెగ్నీషియమే. తక్కువగా మరపట్టిన బియ్యము వాడి, గంజి వార్చక వండినచో ఉన్న సారమైనను నిలుచును.

మూడవది: విరేచనములు ఆగని బిడ్డను, మద్యమునకు లోబడి వణకుచున్న వానిని ఇంటిలో నుంచక ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పంపవలెను. తమంతట తాము మెగ్నీషియము మాత్రలు మింగరాదని చాటింపవలెను. మూత్రపిండముల వ్యాధి గలవారికి అవి ప్రాణాపాయము కలిగింపగలవు.

రొయ్య వంగినచో రైతు రాత్రికి రాత్రి చెరువుగట్టునకు పరుగెత్తును. మనిషి బలహీనత ఏండ్ల తరబడి నెమ్మదిగా వచ్చును గనుక ఎవరును పరుగెత్తరు. ఆ నెమ్మదిని ముందుగా గుర్తించుటయే పంచాయతీ సభ్యుని పని. బియ్యమున కొంత, నీటిలో కొంత మనము తీసివేసినదానిని ఆకుకూరలతో, పప్పుధాన్యములతో, రాగులతో మరల కంచమునకు చేర్చుదము.