డ్రూపల్ 7 వదిలేయాల్సిందేనా?

ప్రశ్న: మా పుస్తకాల షాపు వెబ్‌సైటు ఏళ్లుగా డ్రూపల్ 7 మీద నడుస్తోంది. ఏ ఇబ్బందీ లేదు. అయినా కొత్త వెర్షన్‌కి మారాలా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: మారాలండి, ఇంక వాయిదా వేయకండి. 2011లో వచ్చిన ఆ వెర్షన్‌కు 2025 జనవరి 5తో అధికారిక మద్దతు ఆగిపోయింది. ఇకపై అందులో భద్రతా లోపం బయటపడితే డ్రూపల్ బృందం సరిచేయదు. సైటు పైకి బాగానే కనిపిస్తుంది. మీ దగ్గర పుస్తకాలు కొన్నవాళ్ల ఫోన్ నంబర్లు, చిరునామాలు మాత్రం ప్రమాదంలో ఉంటాయి. నా దిగులంతా వాళ్ల గురించే.

అయితే ఇది బటన్ నొక్కితే అయ్యే పని కాదు. 2015లో వచ్చిన 8వ వెర్షన్‌ను సింఫనీ అనే ఫ్రేమ్‌వర్క్ ఆధారంగా చాలావరకు తిరగరాశారు. అందుకే పాత థీములు, మీరు ప్రత్యేకంగా రాయించుకున్న మాడ్యూళ్లు కొత్త వెర్షన్లలో పనిచేయవు. ఇల్లు మారడం లాంటిదే ఇది. పేజీలు, ఫొటోలు, యూజర్ల ఖాతాలు తరలించడానికి మైగ్రేట్ మాడ్యూల్ ఉంది. ముందు బ్యాకప్ తీసి, వేరే సర్వర్‌లో నకలు పెట్టి అక్కడ ప్రయత్నించండి. మాడ్యూళ్ల జాబితా కూడా ఒకసారి చూడండి, కొన్ని అసలు అవసరమే లేవని తేలవచ్చు.

ఖర్చు భారమైతే డ్రూపల్‌కు బదులు బ్యాక్‌డ్రాప్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది. డ్రూపల్ 7 నుంచే విడివడింది కాబట్టి మారడం తేలిక. మీది నాలుగైదు పేజీల సైటే అయితే కొత్తగా కట్టించుకోవడమే మేలు.